ఇంటి వస్తువులతో యోగాభ్యాసము: పంచాయతీలు చేపట్టదగిన పని

ప్రతి సంవత్సరము జూన్ 21వ తేదీన అంతర్జాతీయ యోగ దినము జరుపబడుచున్నది. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2014 డిసెంబరు 11న ఇందులకు తీర్మానము గావింపగా, 177 దేశములు ఆ తీర్మానమును బలపరచుచు ప్రతిపాదకులుగా చేరినవి. 2015 నుండి మన గ్రామములలోను ఇది ఆనవాయితీ యైనది. ఆ ఉదయము పాఠశాల ఆవరణలో తివాచీలు పరతురు, పిల్లలు, ఉద్యోగులు, పంచాయతీ సభ్యులు వరుసలుగా కూర్చుందురు, కొంతసేపు ఆసనములు వేయుదురు, ఫోటో తీయించుకొందురు. మరి జూన్ 22వ తేదీన ఏమి జరుగుచున్నది? తివాచీలు చుట్టి గదిలో పెట్టి తాళము వేయుట జరుగుచున్నది. తిరిగి అవి వెలుపలికి వచ్చుట మరుసటి సంవత్సరమే.

ఇట్లేల జరుగుచున్నదని విచారించినచో సామాన్యముగా రెండు మాటలు వినవచ్చును. "మా కందులకు కావలసిన సామగ్రి లేదు" అనునది మొదటిది. "పొలములో పనిచేయు వారికి యోగముతో నేమి పని?" అనునది రెండవది. ఈ రెండు మాటలను గూర్చియు పంచాయతీ సభ్యులు నిదానముగా ఆలోచింపవలసియున్నది. ఏలయన, చాపలకును ఉపకరణములకును పంచాయతీ సొమ్ము వెచ్చింపవలెనని ఎవరైన ప్రతిపాదించినపుడు అవునో కాదో చెప్పవలసినవారు సభ్యులే. నడుము నొప్పితో, మోకాళ్ళ నొప్పితో పనికి పోలేక కూలి పోగొట్టుకొనువారును తమ వార్డులలోని వారే.

శ్రమ వేరు, వ్యాయామము వేరు

నిజామాబాదు జిల్లాలో బోధను, రుద్రూరు, కోటగిరి ప్రాంతము కష్టించి పనిచేయువారి సీమ. మంజీరపై 1923-31 సంవత్సరముల మధ్య నిర్మింపబడిన నిజాంసాగరు నీటితో ఇచ్చట చెరకును వరియు పండినవి. బోధనులోని శక్కరునగరున 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. చెరకు తగ్గి వరి పెరిగినది. పైరు మారినను పని వంగి చేయునదే. నాట్ల కాలమున స్త్రీలు ప్రొద్దుటి నుండి సాయంకాలము వరకు బురదలో నిలిచి, నడుము వంచి, వెనుకకు అడుగులు వేయుచు నారు నాటుదురు. చెరకు కొట్టువారు మొదలంట వంగి నరికి, కట్టలు కట్టి, తలపై మోయుదురు. ట్రాక్టరు నడుపువారు గంటల తరబడి కుదుపులకు నడుము నొగ్గి కూర్చుందురు.

ఇక ఈ జిల్లాలో బీడీలు చుట్టు స్త్రీల సంగతి. వారు నేలపై కూర్చుండి, చాటను ఒడిలో పెట్టుకొని, మెడ వంచి, చూపు తునికాకు మీద నిలిపి, చేతులు రెండును ముందునకు చాచి పనిచేయుదురు. వేయి బీడీలకు ఇంత యని కూలి. కావున ఎంత కదలక కూర్చున్న అంత లాభమని తోచును. ఏండ్లు గడచిన కొలది భుజములు ముందునకు ముడుచుకొనిపోవును, మెడ పట్టుకొనును, లేచి నిలుచుటకు గోడ నాసరా చేసికొనవలసి వచ్చును.

ఈ పనులన్నిటికిని ఒక సామాన్య లక్షణము కలదు. శరీరము ఎల్లప్పుడు ఒకే దిక్కునకు వంగుచున్నది. ముందునకు వంగుటయే కాని వెనుకకు విచ్చుకొనుట లేదు. చేతులు క్రిందనే పనిచేయుచున్నవి కాని తలపైకి చాపబడుట లేదు. దీనివలన కొన్ని కండరములు నిరంతరము లాగబడి అలసిపోవును. కొన్ని పొట్టివై బిగిసిపోవును. పొలము పని శ్రమ యనుటలో సందేహము లేదు; కాని శ్రమ శరీరమును పంటకు కావలసిన రీతిని వంచును; వ్యాయామము శరీరమునకు కావలసిన రీతిని దానిని సరిదిద్దును. ఎద్దుల విషయమున రైతు చూపు వివేకమును తన నడుము విషయములోను చూపవలసియున్నది.

యోగముతో సర్వరోగములును పోవునని చెప్పుట సరికాదు. చిరకాలపు నడుము నొప్పి విషయమున జరిగిన పరిశోధనలను కాక్రేను సంస్థ 2017లో సమీక్షించి, ఏ వ్యాయామమును చేయనివారితో పోల్చినచో యోగము చేయువారు నడుముతో చేయవలసిన పనులను కొంత మెరుగుగా చేసికొనగలుగుచున్నారని తేల్చినది. ఆ మెరుగు స్వల్పము మొదలు ఒక మోస్తరు వరకే యనియు, కొందరికి అభ్యాసము వలన నొప్పి పెరిగినదనియు కూడ ఆ సమీక్షయే తెలిపినది. కావున యోగము ఉపయోగకరము. కాని అజాగ్రత్తగా చేసినచో హాని కలుగగలదు. ఆ హానిని తగ్గించుటకే ఆధార వస్తువులు.

ఆధారముతో ఆసనము క్రొత్తది కాదు

ఆసనమునకు వస్తువుల సాయము తీసికొనుట చేతకానితనమని కొందరు భావింతురు. ఇది పొరపాటు. భగవద్గీత ఆరవ అధ్యాయమున ధ్యానమునకు కూర్చుండు పీఠము మిక్కిలి ఎత్తుగాను మిక్కిలి పల్లముగాను ఉండరాదనియు, దర్భలు, చర్మము, వస్త్రము పరచుకొనవలెననియు చెప్పబడినది. ఆసనము నిలుకడగను హాయిగను ఉండవలెనని పతంజలి మతము. ఆ యోగసూత్రములకు వ్యాసుని పేర వెలసిన భాష్యమున ఆసనముల పేర్లు చెప్పుచు 'సోపాశ్రయము' అను దానిని కూడ పేర్కొనిరి. ఆ మాటకు ఆధారముతో కూడినది యని యర్థము. యోగ నరసింహస్వామి మూర్తిని, అయ్యప్పస్వామి మూర్తిని చూచినవారు మోకాళ్ళ చుట్టును కట్టబడిన పట్టీని గమనించియే యుందురు. అది యోగపట్టము. దేవతామూర్తికే పట్టీ కట్టిన శిల్పులున్న దేశమున, మోకాలు వంగని ముదుసలి తన ఆసనమునకు పంచె నుపయోగించుకొనుట సిగ్గుపడవలసిన పని కాదు.

ఇటీవలి కాలమున ఈ పద్ధతిని క్రమబద్ధము గావించినవారు శ్రీ బి.కె.యస్. అయ్యంగారు. వీరు 1918 డిసెంబరు 14న నాటి మైసూరు సంస్థానములోని బేళ్ళూరున, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి కాలమున జన్మించిరి. బాల్యమెల్ల రోగములతో గడచినది. 1934లో మైసూరు చేరి, తమ బావగారైన శ్రీ తిరుమలై కృష్ణమాచార్యుల కడ యోగము నభ్యసించిరి. 1937లో బోధించుటకై పూనా నగరమునకు వెడలి అచ్చటనే స్థిరపడిరి. తమ కడకు వచ్చిన వృద్ధులును, రోగులును, కీళ్ళు బిగిసినవారును ఆసనములను సంపూర్ణముగా వేయజాలకపోవుట చూచి, గోడను, త్రాటిని, కుర్చీని, చెక్కదిమ్మెను, దుప్పటిని ఆధారముగా చేసి, ఎవరి శక్తికి తగినట్లు వారు ఆసన ఫలమును పొందు మార్గమును రూపొందించిరి. 1966లో ప్రకటితమైన 'లైట్ ఆన్ యోగా' అను గ్రంథము వలన వారి పేరు ప్రపంచమంతట వ్యాపించినది. 1975లో పూనాలో తమ సతీమణి రమామణి పేర సంస్థను నెలకొల్పిరి. 2014లో పద్మవిభూషణ బిరుదము పొంది, ఆ సంవత్సరమే ఆగస్టు 20న పరమపదించిరి. నేడు పట్టణములలో వేల రూపాయలకు అమ్ముడగు యోగోపకరణములలో పెక్కింటికి మూలము ఇటువంటి ఇంటి వస్తువులే. పట్టణము వారు కొనుచున్న వస్తువులకు మూలరూపములు మన యిండ్లలోనే యున్నవి.

ఆధార వస్తువు చేయు పనులు మూడు. బరువును తాను మోసి శరీరమునకు శ్రమ తగ్గించుట మొదటిది. చేయి అందనిచోట దూరమును తగ్గించుట రెండవది; నేలను తాకలేని చేతి క్రింద ఇటుక నుంచినచో నేలయే చేతి కడకు వచ్చినట్లగును. శరీరము చక్కగా నున్నదో వంకరగా నున్నదో తెలియజేయుట మూడవది; ఈ పనికి గోడను మించిన గురువు లేదు.

ఐదు వస్తువులు, ఐదు అభ్యాసములు

గోడ: పాదములను నడుమంత వెడల్పుగా నుంచి, గోడ కెదురుగా నిలిచి, అరచేతులను నడుము ఎత్తున గోడకు ఆనింపవలెను. మెల్లగా వెనుకకు అడుగులు వేయుచు, వీపు బల్లవలె సమముగా నగువరకు వంగవలెను. తల వ్రేలాడరాదు, చెవులు భుజములకు సమముగా నుండవలెను. తొడల వెనుక బిగువుగా తోచినచో మోకాళ్ళను కొంచెము వంపవచ్చును. ఐదు మొదలు పది శ్వాసలు నిలిచి, ముందునకు నడచుచు లేవవలెను. నాట్లు వేసి వచ్చినవారికిని, బీడీలు చుట్టువారికిని ఇది మొదట నేర్పదగినది. పొలములోని వంగుటకును దీనికిని భేదమేమన, అచ్చట నడుము గూనివలె వంగును. ఇచ్చట వీపు సాగును.

గోడతో మరియొక ఉపయోగము కలదు. చాపపై వెల్లకిల పడుకొని, కాళ్ళను గోడకు నిలువుగా చేర్చి, చేతులను ప్రక్కలకు వదలి ఐదు నిమిషము లుండవలెను. దినమంతయు నిలిచినందున కాళ్ళలో దిగిన వాపు తగ్గుటకు ఇది తోడ్పడును.

కుర్చీ: కుర్చీని గోడకు ఆనించి జారకుండునట్లు అమర్చవలెను. చేతుల సాయము లేకుండ కూర్చుండుట, లేచుట ఎనిమిది పది పర్యాయములు చేయుట తొడల బలమునకు మంచిది. తరువాత కుర్చీ వీపును పట్టుకొని, ఒక పాదమును రెండవ కాలి పిక్కకు ఆనించి, ఒంటికాలిపై కొలది శ్వాసలు నిలువవలెను. ఇది వృక్షాసనమునకు సులభ రూపము. పాదమును మోకాటిపై ఆనింపరాదు. పిక్కపై గాని తొడపై గాని ఆనింపవలెను. అరువదియైదేండ్లు దాటినవారు వారమునకు మూడు దినములైనను తూలక నిలుచు అభ్యాసము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. స్నానపు గదిలో జారిపడి తుంటి యెముక విరిగిన ముదుసలి ఒకరున్న యింటి కష్టము మనము ఎరుగనిది కాదు.

పంచె లేక తువాలు: వెల్లకిల పడుకొని, ఒక మోకాలిని రొమ్ము వైపునకు తెచ్చి, అరికాలికి తువాలు తగిలించి, రెండు కొనలను చేతులతో పట్టి, కాలిని మెల్లగా పైకి చాపవలెను. రెండవ కాలు నేలపై వంచియైనను చాపియైనను ఉండవచ్చును. కాలు నిట్టనిలువుగా రానక్కరలేదు. తొడ వెనుక తీపుగా లాగినట్లు తోచినచోట ఆగవలెను. భుజములును తలయు నేలనంటియే యుండవలెను. రెండు కాళ్ళకును చేయవలెను. నిలబడి వంగి కాలివ్రేళ్ళ నందుకొనుటకు ప్రయాసపడుట కంటె నడుమునకు ఇది క్షేమకరము.

ఇటుక లేక పీట: పాదములను మూడు నాలుగడుగుల దూరముగా నుంచి, కుడి పాదమును ప్రక్కకు త్రిప్పి, కుడి చేతిని పాదము ప్రక్కన నిలిపిన ఇటుకపై గాని, చాలనిచో పీటపై గాని ఉంచి, ఎడమ చేతిని పైకి చాపవలెను. ఇది త్రికోణాసనము. ఇటుకను పాత గుడ్డతో చుట్టినచో చేయి గీసికొనదు. వీపు గోడకు చేరియుండునట్లు చేసినచో తూలు భయము లేదు.

గొంగడి, దుప్పటి, దిండు: బాసిపట్టు వేసి కూర్చున్నపుడు మోకాళ్ళు తుంటికంటె ఎత్తుగా నున్నచో నడుము గూనిపోవును. గొంగడిని నాలుగు మడతలు పెట్టి పిరుదుల క్రింద నుంచుకొన్నచో నడుము దానంతటదే నిటారగును. ఇది ఆసనమునకే కాదు. బీడీలు చుట్టునపుడును, బియ్యము ఏరునపుడును, గ్రామసభలో కూర్చున్నపుడును పనికివచ్చును. భుజములు ముడుచుకొనిపోయినవారు దుప్పటిని పొడవుగా చుట్టి, వెన్నెముక వెంట పరచి, దానిపై వెల్లకిల పడుకొని, తల క్రింద దిండు నుంచుకొని, చేతులను ప్రక్కలకు చాపి ఐదు నిమిషము లుండవలెను. రొమ్ము విచ్చుకొని శ్వాస లోతుగా ఆడును. చివరకు మోకాళ్ళ క్రింద చుట్టిన దుప్పటి నుంచి, కన్నులు మూసి, శవాసనమున విశ్రమింపవలెను.

ఈ ఐదింటికిని ఇరువది మొదలు ముప్పది నిమిషములు చాలును.

తప్పక పాటింపవలసిన జాగ్రత్తలు

ప్లాస్టికు కుర్చీ నున్నని గచ్చుపై జారును. దానిని గోడకు ఆనింపక ఉపయోగింపరాదు. విరిగిన కాలు గల పీటను, పగులు గల ఇటుకను వాడరాదు. దూలమునకు త్రాడు కట్టి వ్రేలాడు అభ్యాసములను చిత్రములు చూచి ఇంటిలో ప్రయత్నింపరాదు. అవి గురువు సమక్షమున చేయవలసినవి. శీర్షాసనమును స్వయముగా నేర్చుకొనరాదు. చీర కుచ్చెళ్ళు కాలికి తగులకుండ దోపుకొనవలెను.

భోజనమైన పిదప మూడు గంటలు గడువవలెను. శ్వాసను బిగబట్టరాదు. కండరము సాగుచున్న బిగువు వేరు, నొప్పి వేరు; కీలులో పొడిచినట్లున్నను, కాలిలో తిమ్మిరి ఎక్కినను, తల తిరిగినను వెంటనే మానవలెను.

రక్తపు పోటు అదుపులో లేనివారును, గుండె జబ్బు కలవారును, కంటిలో నీటి ఒత్తిడి జబ్బు కలవారును తల క్రిందుగా నుండు ఆసనములను, కాళ్ళు గోడకు చేర్చు అభ్యాసమును వైద్యుని అడుగక చేయరాదు. గర్భిణీ స్త్రీలు నెలలు నిండుకొలది వెల్లకిల చాలసేపు పడుకొనరాదు; నడుము మెలిపెట్టు అభ్యాసములు వారికి తగవు. నడుము నుండి కాలిలోనికి నొప్పి దిగువారును, ఎముకలు పెళుసైనవారును ముందునకు వంగు ఆసనములు వేయరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆసనములు ఆరంభించితిమని రక్తపు పోటునకును మధుమేహమునకును వాడు మాత్రలను మానరాదు. మాత్రల మోతాదును మార్చుటకు అధికారము దవాఖానలోని వైద్యునిదే.

పంచాయతీ చేయదగినది

ఇందులకు పంచాయతీ వెచ్చింపవలసిన సొమ్ము అత్యల్పము, వెచ్చింపవలసినది శ్రద్ధ. మొదట స్థలము. పాఠశాల వరండా యైనను, సామాజిక భవనమైనను చాలును. కాని అచ్చట ఎత్తైన గట్టి గోడయు, పొడి నేలయు, వెలుతురును ఉండవలెను. పల్లె ప్రకృతి వనమున్న గ్రామములలో ఉదయపు నడకకును, నిలిచి చేయు అభ్యాసములకును దానిని వాడుకొనవచ్చును.

రెండవది సమయము. అధికారులకు అనువైన సమయము కాక, పనివారికి అనువైన సమయమును నిర్ణయింపవలెను. నాట్ల కాలమున తెల్లవారక ముందే స్త్రీలు పొలమునకు పోవుదురు. వారికి సాయంకాలము, వంటకు ముందు అరగంట అనువుగా నుండవచ్చును. ఈ విషయమును సభ్యురాండ్రు తమ వార్డు స్త్రీలను అడిగి తెలిసికొనుట యుక్తము. తెలంగాణమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడియున్నవి. ఈ పని వారి చేతులలో నున్నచో నిలుచును.

మూడవది శిక్షణ. సమీపమున ఆయుష్ వైద్యుడు గాని, శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయుడు గాని యున్నచో, ప్రతి మహిళా సంఘము నుండి ఇద్దరికి ఈ ఐదు అభ్యాసములను సరిగా నేర్పించవలెను. వారు తక్కినవారికి చూపగలరు. ఎక్కువ ఆసనములు నేర్పుట కంటె కొలది వానిని తప్పు లేకుండ నేర్పుట మేలు. ప్రతివారును తమ యింటి నుండి ఒక దుప్పటి, ఒక తువాలు తెచ్చుకొన్న చాలును. నాలుగు గట్టి కుర్చీలు, పది మంచి ఇటుకలు మాత్రము స్థలమున నుంచవలెను.

నాలుగవది, ఆరంభమునకు ముందు ఆశా కార్యకర్త సాయముతో రక్తపు పోటు పరీక్షింపించుట. దీనివలన రెండు ప్రయోజనములు. ఎవరు ఏ అభ్యాసము చేయరాదో తెలియును. తమకు పోటు ఉన్నదని ఇంతవరకు ఎరుగనివారును బయటపడుదురు.

ఒక మాట సభ్యులు మరువరాదు. ఆసనములు బీడీ కార్మికురాలి మెడకు కొంత ఉపశమనము నీయవచ్చును గాని, తంబాకు ధూళి నుండి రక్షింపజాలవు, కూలిని పెంపజాలవు. గాలి వెలుతురులు గల చోట కూర్చుండి పనిచేయుట, గంట కొకపర్యాయము లేచి నాలుగడుగులు నడచుట, హక్కుగా రావలసిన కూలి వచ్చుట, ఇవియు ఆరోగ్యములో భాగములే. యోగ శిబిరము పెట్టితిమి కనుక మా బాధ్యత తీరినదని పంచాయతీ భావించినచో, ఆ శిబిరము మరియొక జూన్ 21 మాత్రమే యగును.

రాబోవు గ్రామసభలో సభ్యులు ఈ విషయమును చర్చకు పెట్టుదురు గాక. చాపలు కొనుటకు తీర్మానము చేయుటకు ముందు, ఒక గోడను, ఒక సమయమును, నేర్పగల ఇద్దరిని నిర్ణయింపుడు. మూడు నెలలు గడచిన పిమ్మట ఎందరు వచ్చుచున్నారో, ఎవరికి సుఖముగా నున్నదో, ఎవరికి నొప్పి పెరిగినదో విచారింపుడు. అప్పుడు కొనవలసినవి ఏవైన నున్నచో కొనవచ్చును. ముందు ఇంటిలోని దుప్పటిని మడత విప్పుట మంచిది.